పక్క విశ్వం తగిలిన మచ్చ వెతకడం ఎలా

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా నాయనకు టీవీ రిపేరు అంగడి ఉండేది. బ్లాక్ అండ్ వైట్ సెట్లు, మిద్దె మీద మద్రాసు వైపు తిప్పి కట్టిన యాంటెన్నాలు. స్టేషన్ అందకపోతే తెర నిండా చుక్కలు ఎగిరేవి. అంగడికి వచ్చినవాళ్లు "సెట్టు పోయింది" అనేవాళ్లు. నాయన మాత్రం ముందు వైరు చూసేవాడు, తర్వాత యాంటెన్నా జాయింటు, తర్వాత బూస్టరు. ఇవన్నీ బాగున్నాయని తేలాకే సెట్టు మూత విప్పేవాడు. ఆ చుక్కల్లో నూటికి ఒక వంతు దాకా విశ్వంలోకెల్లా పాత వెలుగు నుంచి వచ్చినవేనని నాకు ఎమ్మెస్సీలో తెలిసింది. నాయనకు చెబితే, "అట్లయితే దానికీ చార్జీ రాసుండాల్సింది పాపా" అన్నాడు.

నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. రెండేళ్ల కిందట పలమనేరు అబ్బాయి ఒకడు క్లాసు అయ్యాక ఆగి, "మేడం, వేరే విశ్వాలు ఉండాయంటారు కదా, ఎవరన్నా చూసినారా?" అని అడిగాడు. చూడలేదు గానీ వెతికారు అన్నాను. ఎట్లా వెతికారో నోటితో చెప్పబోతే సగంలోనే చిక్కుపడింది. చివరికి వేసవి సెలవుల్లో వాడూ, వాడి ఫ్రెండ్స్ ఇద్దరూ, నేనూ కూర్చుని మేమే వెతికాం. అప్పుడు నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. కావాల్సింది ఒక మామూలు ల్యాప్‌టాప్, నెట్ కనెక్షన్, కొద్దిగా పైథాన్, ఒక లాంగ్ నోట్‌బుక్కు. నోట్‌బుక్కు దేనికో తర్వాత చెప్తా.

ముందు ఏం వెతుకుతున్నామో తెలియాలి. విశ్వం పుట్టిన తొలి క్షణంలో, సెకనులో ఊహకందనంత చిన్న వంతులో, అంతరిక్షం విపరీతంగా సాగిందని 1980ల మొదట్లో అలన్ గూత్ ప్రతిపాదించాడు. దాన్నే ఇన్‌ఫ్లేషన్ అంటారు. (మా పిల్లల్లో ఒకడు ఫోన్‌లో అనువాదం కొట్టి చూస్తే ‘ద్రవ్యోల్బణం’ అని వచ్చింది. మదనపల్లె టమాటా రేటుకూ విశ్వానికీ ఏం సంబంధమని తల గోక్కున్నాడు. అందుకే ఆ మాటను నేను ఇంగ్లిష్‌లోనే ఉంచేస్తా.) ఆ సాగడం ఒకచోట ఆగినా మిగతా చోట్ల ఆగకపోవచ్చని ఆ తర్వాత అలెగ్జాండర్ విలెంకిన్, ఆండ్రే లిండే చూపించారు. ఆగిన ప్రతిచోటా ఒక బుడగ పుడుతుంది. మన విశ్వమంతా అలాంటి ఒక బుడగ లోపల ఉందని ఈ లెక్క.

ఎసరు మరిగేటప్పుడు గిన్నె అడుగున పక్కపక్కనే లేచిన రెండు బుడగలు తగులుకుంటాయి కదా, ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ బుడగల మధ్య ఉన్న నీళ్లు కూడా బుడగల కన్నా జోరుగా పెరుగుతూ పోతుంటాయి. అందువల్ల చాలా బుడగలు ఎప్పటికీ ఒకదాన్నొకటి కలవవు. పుట్టినప్పుడే బాగా దగ్గరగా ఉన్నవే తగులుతాయి. తగిలితే ఆ దెబ్బ గుర్తు మన బుడగలో మిగలొచ్చు. ఆ గుర్తు ఏ ఆకారంలో ఉంటుందో తెలియాలంటే సబ్బు నీళ్లతో రెండు బుడగలు ఊది అతికించండి. అతుకు గుండ్రంగా ఉంటుంది. రెండు గోళాలు ఒకదాన్నొకటి కోసుకుంటే వచ్చేది వృత్తమే. కాబట్టి వెతకాల్సింది ఆకాశంలో ఒక గుండ్రటి మచ్చను. ఆంథొనీ అగిర్రె, మాథ్యూ జాన్సన్, అసాఫ్ షోమర్ 2007లో ఈ గుర్తు ఎలా ఉంటుందో లెక్కలు మొదలుపెట్టారు. మచ్చ లోపల చుట్టుపక్కల కన్నా కాస్త వేడి గానీ, కాస్త చలి గానీ ఉంటుంది. ఆ తేడా మధ్య నుంచి ఎంత దూరంలో ఉన్నామన్నదాన్ని బట్టే మారుతుంది, ఏ దిక్కున చూసినా ఒకేలా ఉంటుంది. అంచు దగ్గర చిన్న మెట్టు లాంటిది కూడా ఉండొచ్చు.

ఒక షరతు ఇప్పుడే చెప్పాలి. ఇన్‌ఫ్లేషన్ అవసరమైనదాని కన్నా చాలా ఎక్కువసేపు సాగి ఉంటే ఆ మచ్చ కూడా సాగిపోయి, చదునైపోయి, మనకు కనపడకుండా పోతుంది. అంటే మచ్చ దొరక్కపోతే పక్క విశ్వం లేదని కాదు. మా పలమనేరు వాడికి ఇది అస్సలు నచ్చలేదు. "అయితే పరీక్షలో ఫెయిల్ అయ్యే చాన్సే లేదు కదా మేడం దానికి" అన్నాడు. వాడన్నదాంట్లో న్యాయం ఉంది.

మచ్చ ఎక్కడ వెతకాలంటే కాస్మిక్ మైక్రోవేవ్ బ్యాక్‌గ్రౌండ్‌లో, పొట్టిగా సీఎంబీలో. విశ్వానికి దాదాపు 3,80,000 ఏళ్లున్నప్పుడు బయల్దేరిన వెలుగు అది. 1380 కోట్ల ఏళ్లు ప్రయాణించి, చల్లబడి ఇప్పుడు 2.725 కెల్విన్ దగ్గర ఉంది. ఆకాశంలో ఎటు చూసినా దాదాపు అంతే. తేడాలన్నీ లక్షలో ఒక వంతు ప్రాంతంలో ఉంటాయి. దీన్ని 1964లో ఆర్నో పెంజియస్, రాబర్ట్ విల్సన్ పట్టుకున్న కథ నాయనకు చాలా ఇష్టం. వాళ్ల యాంటెన్నాలో ఎంతకీ పోని గొర (నాయిస్) ఒకటి వస్తుంటే ముందు జాయింట్లు చూసుకున్నారు, లోపల గూడు కట్టిన పావురాల రెట్ట కడిగించారు. అప్పటికీ పోలేదు. అప్పుడే ఆ గొర ఆకాశానిదని ఒప్పుకున్నారు. "అదీ పద్ధతి" అంటాడు నాయన.

కంప్యూటర్ తెరిచే ముందు ఒక రాత్రి బయటికి వెళ్లి ఆ చోటు చూడండి. కంటికి ఏమీ కనపడదు, అయినా చూడండి. సీఎంబీలో అన్నిటికన్నా ఎక్కువ పేరున్న మచ్చ ‘కోల్డ్ స్పాట్’. 2004లో, సీఎంబీని కొలిచిన డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం ఇచ్చిన డేటాలో దొరికింది. సంక్రాంతి సెలవుల్లో, భోగి రోజు రాత్రి 8 గంటలకు దక్షిణం వైపు నిలబడండి. తిరుపతిలో కొండ మనకు ఉత్తరాన ఉంటుంది కాబట్టి అడ్డం రాదు. ఊరి లైట్లు తప్పాలంటే చంద్రగిరి దాటితే చాలు. ఆగ్నేయంలో గొల్లకావడి మూడు నక్షత్రాలు వరసగా కనిపిస్తాయి. వాటికి కుడిపక్కన తెల్లగా, నీలం తిరిగినట్టు మెరిసేది రైజెల్. చెయ్యి చాపి పిడికిలి పట్టండి, అది దాదాపు 10 డిగ్రీలు. రైజెల్ నుంచి కుడికి, దాదాపు అదే ఎత్తులో, మూడు పిడికిళ్లు జరగండి. సరిగ్గా దక్షిణాన, నడినెత్తికి ఇంకా 30 డిగ్రీల పైచిలుకు కింద, పెద్దగా నక్షత్రాల్లేని ఖాళీ జాగా. కోల్డ్ స్పాట్ అక్కడే. అదొక పిడికిలంత వెడల్పు, అంటే 20 నిండు చందమామలు పక్కపక్కన పెట్టినంత. చుట్టుపక్కల కన్నా అక్కడ చలి కెల్విన్‌లో లక్షకు 7 వంతులు, అంతే.

ఇక డేటా. ప్లాంక్ ఉపగ్రహం మ్యాపులు యూరప్ అంతరిక్ష సంస్థ వాళ్ల ప్లాంక్ లెగసీ ఆర్కైవ్‌లో, డబ్ల్యూమ్యాప్‌వి నాసా వాళ్ల లాంబ్డా అనే ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. డబ్ల్యూమ్యాప్‌తో మొదలుపెట్టండి, ఫైలు చిన్నది. ప్లాంక్ పూర్తి మ్యాపులో 5 కోట్లకు పైగా పిక్సెళ్లుంటాయి. మా ఇంట్లో అది దిగేలోపు రెండుసార్లు కరెంటు పోయింది. మ్యాపులన్నీ హీల్‌పిక్స్ పద్ధతిలో ఉంటాయి. ఆకాశ గోళాన్ని సమాన వైశాల్యం ఉన్న ముక్కలుగా కోసే పద్ధతి అది. పైథాన్‌లో దానికి హీల్‌పై అనే లైబ్రరీ ఉంది. ల్యాప్‌టాప్ మొరాయిస్తే గూగుల్ కోలాబ్‌లో నడపండి.

మ్యాపును ఎన్‌సైడ్ (ముక్కలు ఎంత సన్నగా ఉండాలో చెప్పే అంకె) 128కి తగ్గించండి. అప్పుడు మొత్తం 1,96,608 పిక్సెళ్లు ఉంటాయి, ఒక్కోటి దాదాపు చందమామంత. కోల్డ్ స్పాట్ అందులో 370 పిక్సెళ్ల దాకా ఆక్రమిస్తుంది. మ్యాప్ గీస్తే అది కుడివైపు కింద కనపడాలి, గెలాక్సీ కొలతల్లో రేఖాంశం 209, అక్షాంశం మైనస్ 57 దగ్గర. అక్కడ నీలం మచ్చ లేకపోతే ముందుకు పోకండి. పిక్సెళ్లను వరసపెట్టడానికి హీల్‌పిక్స్‌లో రింగ్, నెస్టెడ్ అని రెండు పద్ధతులున్నాయి. ఒకదాన్ని ఇంకోటి అనుకుని గీస్తే ఆకాశమంతా గళ్ల లుంగీలా వస్తుంది. మాకు మొదటి సాయంత్రం అదే వచ్చింది. ఇంకో గుంట: ఆకాశంలో ఒక గుండ్రటి ముక్కను, అంటే డిస్కును, ఎంచే ఫంక్షన్‌కు వ్యాసార్థాన్ని రేడియన్లలో ఇవ్వాలి. నేరుగా 5 అని రాస్తే అది 5 డిగ్రీలు కాదు.

తర్వాత మాస్కు వేయాలి. మన పాలపుంత సొంత వెలుగు మ్యాపు నడుమ అడ్డంగా పడి ఉంటుంది, దాన్ని కప్పేయాలి. 2018 ప్లాంక్ మ్యాపులతో ఇచ్చే మాస్కు వేశాక దాదాపు 78 శాతం ఆకాశం మిగులుతుంది. నేను మొదట్లో 22 శాతం పోతోందని బాధపడి మాస్కు పల్చగా వేశా. వెంటనే మూడు అందమైన వేడి మచ్చలు దొరికాయి. మూడూ మాస్కు అంచునే ఉన్నాయి. పాలపుంత దుమ్మును తక్కువగా చూడకండి. దక్షిణ ధ్రువంలోని బైసెప్ 2 టెలిస్కోప్ బృందం అంతటిది 2014 మార్చిలో ఇన్‌ఫ్లేషన్ నాటి గురుత్వ తరంగాల గుర్తు దొరికిందని ప్రకటించింది. 2015లో ప్లాంక్‌తో కలిసి చూస్తే అందులో దుమ్ము వాటా తీసేశాక చెప్పుకోదగ్గది మిగల్లేదు.

ఇప్పుడు అసలు పని. డిస్కును ఆకాశమంతా జరుపుతూ, ప్రతిచోటా లోపలి సగటు ఉష్ణోగ్రత లెక్కపెట్టండి. అన్నిటికన్నా వేడిదీ, అన్నిటికన్నా చల్లదీ రాసుకోండి. 5, 10, 15 డిగ్రీల వ్యాసార్థాలతో చేయండి. ఆ సైజులు మాత్రం మ్యాపు చూడకముందే నోట్‌బుక్కులో రాసి, తేదీ వేసి పెట్టుకోండి. నోట్‌బుక్కు ఇందుకే. మచ్చను చూశాక దానికి సరిపోయే సైజు ఎంచుకుంటే ఏ మచ్చయినా వింతగానే కనిపిస్తుంది.

దొరికిన మచ్చ వింతో కాదో ఎలా తేలుతుంది? పోల్చడానికి మనకు ఇంకో ఆకాశం లేదు కదా. అందుకని నకిలీ ఆకాశాలు తయారుచేయాలి. మన ఆకాశంలో ఏ సైజు హెచ్చుతగ్గులు ఎంతెంత ఉన్నాయో చెప్పే పట్టికను పవర్ స్పెక్ట్రమ్ అంటారు. అదే స్పెక్ట్రమ్‌తో, పక్క విశ్వం ఏదీ తగలని ఆకాశాలను హీల్‌పైలోని సిన్‌ఫాస్ట్ ఎన్నంటే అన్ని పుట్టిస్తుంది. వెయ్యి పుట్టించండి. ప్రతిదానికీ అదే మాస్కు, అదే డిస్కు, అదే లెక్క. ఆ వెయ్యిలో ఎన్నిట్లో మీ మచ్చ కన్నా పెద్ద మచ్చ ఉందో లెక్కపెట్టండి. మీకు కావాల్సిన జవాబు ఆ సంఖ్యే. మీ మచ్చ ఫొటో ఎంత బాగుందన్నది లెక్కలోకి రాదు.

ఇది పిల్లలకు ఎంత చెప్పినా ఎక్కలేదు. చివరికి తిరుమల చెప్పా. క్యూలో నిలబడి ఉండగా ఎప్పుడో పదో తరగతిలో చదివిన వాడు ఎదురవుతాడు. "ఇంతమందిలో నువ్వే దొరికావు, స్వామి మహిమ" అంటాం. రోజుకు 60, 70 వేల మంది కొండెక్కే చోట, మనకు తెలిసిన వందలమందిలో ఎవరో ఒకరు, ఏదో ఒక మూల కనపడటం వింత కాదు. ఫలానా వాడు, ఫలానా కంపార్ట్‌మెంటులో, ఫలానా గంటకు ఉంటాడని ఇంటిదగ్గరే కాగితం మీద రాసిపెట్టి వెళ్లి, వాడు కనిపిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు. గుండ్రటి మచ్చల సంగతి ఇంకా ఘోరం. కల్యాణకట్ట బయట నిలబడి గుండు ఉన్న మనిషిని వెతకడమే. డబ్ల్యూమ్యాప్ బృందం తమ ఏడేళ్ల డేటా పేపర్‌లో ఇదే విషయం చెప్పడానికి సరదాగా ఒక పని చేసింది. మ్యాపులో స్టీఫెన్ హాకింగ్ పేరులోని రెండు ఇంగ్లిష్ పొడి అక్షరాలు స్పష్టంగా కనపడుతున్నాయని చూపించింది. మీరు ఆ మ్యాపు తెరిచి చూడండి, నిజంగానే ఉన్నాయి.

మా దగ్గర జరిగింది కూడా చెప్పాలి. ఒక రాత్రి ఒంటిగంటకు నకిలీ ఆకాశాల లెక్క అయిపోయింది. మా అసలు మచ్చ, వెయ్యి నకిలీల్లోని అతి పెద్ద మచ్చ కన్నా దాదాపు వెయ్యి రెట్లు పెద్దదని వచ్చింది. నాకు చెమటలు పట్టాయి. పలమనేరు వాడికి ఫోన్ చేశా. వాడు నిద్రమత్తులోనే "మేడం, యూనిట్లు చూసినారా?" అన్నాడు. డబ్ల్యూమ్యాప్ మ్యాపు మిల్లీకెల్విన్లలో ఉంటుంది, ప్లాంక్ మ్యాపు కెల్విన్లలో. నేను నకిలీలకు స్పెక్ట్రమ్ ప్లాంక్ నుంచి తీసి, అసలు ఆకాశంగా డబ్ల్యూమ్యాప్‌ను వాడా. వెయ్యి రెట్లు అక్కడ పుట్టింది. నాయనకు మర్నాడు చెబితే నవ్వలేదు. "జాయింటు చూడకుండా మూత విప్పినావు" అన్నాడు.

యూనిట్లు సరిచేశాక కోల్డ్ స్పాట్ ఏమైందంటే, ఉత్త డిస్కు సగటుతో చూస్తే పెద్ద వింతగా నిలవలేదు. నకిలీ ఆకాశాల్లో అలాంటివి చాలానే ఉన్నాయి. మేం తప్పు చేశామేమో అనుకున్నాం గానీ, 2010లో రే జాంగ్, డ్రాగన్ హ్యూటరర్ సరిగ్గా ఇదే తేల్చారని తర్వాత చదివాం. కోల్డ్ స్పాట్ చుట్టూ కాస్త వేడి వలయం ఉంది. మధ్యభాగంలోంచి వలయాన్ని తీసేసి చూసే ‘మెక్సికన్ హ్యాట్’ వడపోతతో అయితేనే అది వింతగా కనపడుతుంది. ఏ జల్లెడ పట్టారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంటే ఆ మచ్చ మీద గట్టిగా ఒట్టు పెట్టలేం. దానికి తోడు అదే దిక్కున గెలాక్సీలు తక్కువగా ఉన్న పెద్ద ఖాళీ ఒకటి ఉంది. చలిలో కొంత వాటా దానిది. మొత్తానికి అది సరిపోదు.

ఇంకో పరీక్ష చాలామంది వదిలేస్తారు, మీరు వదలకండి. ఒక నకిలీ ఆకాశంలో మీరే ఒక మచ్చ పెట్టండి, మీ ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుంటుందో లేదో చూడండి. మేం దాన్ని ఆటగా ఆడాం. ఒకరు ఎక్కడ పెట్టారో చెప్పకుండా మచ్చ పెట్టాలి, మిగతావాళ్లు వెతకాలి. సగటు తేడా లక్షకు 7 వంతులుండే మచ్చను ప్రతిసారీ పట్టాం. దాన్ని తగ్గిస్తూ పోతే ఒకచోట మా ప్రోగ్రామ్‌కు కళ్లు మూసుకుపోయాయి. ఆ హద్దు ఎక్కడో నోట్‌బుక్కులో రాయండి. ‘మచ్చ లేదు’ అనే మాటకు విలువ ఆ హద్దు వరకే.

దీన్నే పెద్ద ఎత్తున, ముందుగా చేసింది స్టీఫెన్ ఫీనీ, మాథ్యూ జాన్సన్, డేనియల్ మార్ట్‌లాక్, హిరణ్య పీరిస్. డబ్ల్యూమ్యాప్ ఏడేళ్ల డేటా మీద చేసి 2011లో ప్రచురించారు. కంటితో చూసి ఎంచుకోకుండా ప్రోగ్రామే అనుమానితులను పట్టేలా కట్టారు. ఉపగ్రహం లోపాలను కూడా నకిలీలో పెట్టి, ఉత్త యాదృచ్ఛికంగా ఎన్ని మచ్చలు దొరుకుతాయో ముందే చూసుకున్నారు. బుడగల తాకిడికి పోలిక ఉన్నవి నాలుగు మిగిలాయి, కోల్డ్ స్పాట్ వాటిలో ఒకటి. అయినా వాళ్ల తీర్పు ఏమిటంటే, తాకిడి ఉందని చెప్పడానికి డేటా చాలదు. కనిపెట్టగలిగే తాకిడులు ఆకాశం మొత్తంలో సగటున 1.6 కన్నా తక్కువ ఉండాలి, అదీ 68 శాతం నమ్మకంతో. పేపర్లలో వార్త మాత్రం ‘పక్క విశ్వాల జాడ’ అన్న ధాటిలో వచ్చింది. అంతకుముందు 2010లో వాహే గుర్జద్యాన్, రోజర్ పెన్రోజ్ ఒకే కేంద్రం చుట్టూ వలయాలు దొరికాయనీ, అవి మనకు ముందటి విశ్వం గుర్తులనీ అన్నారు. మూడు బృందాలు విడివిడిగా నకిలీ ఆకాశాలు చేసి చూస్తే, మామూలు ఆకాశాల్లోనూ అలాంటి వలయాలు దొరికాయి.

సరే, ఇన్నీ దాటి ఒక మచ్చ మీ చేతిలో మిగిలిందనుకోండి. ప్లాంక్ ఆకాశాన్ని తొమ్మిది ఫ్రీక్వెన్సీల్లో చూసింది, 30 నుంచి 857 గిగాహెర్ట్జ్ దాకా. మీ మచ్చ నిజంగా సీఎంబీదే అయితే 70, 100, 143, 217 గిగాహెర్ట్జ్ మ్యాపులన్నిట్లో ఒకే ఉష్ణోగ్రత తేడా చూపాలి. ఒకదాంట్లో పెరిగి ఇంకోదాంట్లో తగ్గితే అది దుమ్మో, దారిలో ఉన్న ఇంకేదో. తర్వాత ప్లాంక్ వాళ్లు నాలుగు వేర్వేరు పద్ధతుల్లో శుభ్రం చేసిన మ్యాపులు, స్మికా, నిల్క్, సెవెమ్, కమాండర్, నాలుగిట్లోనూ ఉందో చూడండి. చివరిది పోలరైజేషన్, అంటే వెలుగు తరంగం ఏ దిక్కున ఊగుతోందన్నది. బుడగ తగిలితే వెలుగు ధ్రువణంలో కూడా మచ్చ అంచు పొడవునా వలయం లాంటి గుర్తు ఉండాలి. ఉష్ణోగ్రత మచ్చ యాదృచ్ఛికమైతే అది ఉండాల్సిన పని లేదు. చిక్కేమిటంటే ప్లాంక్ పోలరైజేషన్ మ్యాపుల్లో గొర ఎక్కువ. మా డిస్కులు అందులో ఏమీ చెప్పలేకపోయాయి.

మేం అక్కడే ఆగి ఉన్నాం. పలమనేరు వాడు ఇప్పుడు ఇంజినీరింగ్. పోలరైజేషన్ గొరను కూడా నకిలీ ఆకాశాల్లో కలిపే ప్రోగ్రామ్ రాస్తున్నాడు. పోయిన ఆదివారం పంపితే నడిపి చూశా. నలభైరెండో లైనులో మళ్లీ మైక్రోకెల్విన్లు.